ఉత్తరం తప్పిన ఉత్తరాల డబ్బా: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ఆనవాళ్ళ కాగితం చేతికొచ్చింది. తెలిసినవాళ్ళు ఒక గుట్ట మీద లెటర్‌బాక్స్ దాచారు, దారి నాలుగు ముక్కల్లో రాసిచ్చారు. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను. డిగ్రీలు మాత్రం మార్చాను, ఇది చదివి ఎవరూ నేరుగా వెళ్ళి తీసేయకూడదు కదా.

"రెండు గుండ్ల మీద మూడో గుండు కూర్చున్న చోటు. కింద పరుపుబండ, దాని మీద దొన. దొన అంచు నుంచి కంపాస్ 140 డిగ్రీలు, 120 అడుగులు. రెండు చెక్కలైన బండ. కుడి చెక్క అడుగున, అరచేతంత రాళ్ళ వెనక."

దొన అంటే బండ మీద నీళ్ళు నిలిచే గుంట. లెటర్‌బాక్సింగ్ అనే ఈ ఆట తెలియనివాళ్ళకు రెండు మాటలు. దాచిన పెట్టెలో ఒక చిన్న నోటుపుస్తకం, చేత్తో చెక్కిన ఒక రబ్బరు స్టాంపు ఉంటాయి. మనం వెళ్ళేటప్పుడు మన స్టాంపు, మన పుస్తకం తీసుకెళ్తాం. దొరికితే మన ముద్ర వాళ్ళ పుస్తకంలో, వాళ్ళ ముద్ర మన పుస్తకంలో. పెట్టె మళ్ళీ ఎక్కడిదక్కడ. పట్టుకెళ్ళేదీ లేదు, వదిలేసేదీ లేదు.

అంటే గుట్ట ఎక్కడానికి ముందు నాకంటూ ఒక స్టాంపు కావాలి. నా నడక వేగం ఇంట్లో అందరికీ తెలిసిందే కాబట్టి నత్త బొమ్మ అనుకున్నాను. ఈ ఆటలో అసలు పేరు రాయరు, మారుపేరు పెట్టుకుంటారు. ఏడో తరగతి చదువుతున్న మేనకోడలు చిట్టి క్షణం ఆలోచించకుండా "నత్తత్త" అంది. ఖాయం.

3వ రోజు

మొదటి స్టాంపు చెత్తబుట్టలో పడింది. ఎందుకో రాసుకుంటే రెండోసారి చేయను.

పెన్సిలు తుడిచే పెద్ద తెల్ల రబ్బరు తీసుకుని దాని మీదే నేరుగా నత్త గీశాను. గీత బాగానే వచ్చింది. లినోలియం చెక్కే ఉలి, అంటే మొనలో వి ఆకారంలో గాడి ఉండేది, దాంతో గీత చుట్టూ తవ్వాను. రెండు గంటలు. ఇంకు అద్ది కాగితం మీద నొక్కితే ముద్దొచ్చే నత్త పడింది. చిట్టి ఇటు చూసింది, అటు చూసింది.

"అత్తా, దీని గుల్ల తిరగబడింది."

"ఏం తిరగబడింది?"

"నత్త గుల్లలు కుడివైపు చుట్టుకుంటాయని మా సైన్సు మేడమ్ చెప్పారు. ఇది ఎడమకి చుట్టుకుంది."

నిజమే. నత్త జాతుల్లో ఎక్కువ వాటికి గుల్ల కుడివైపే తిరుగుతుంది, ఎడమవైపుది అరుదు. నేను సరిగ్గానే గీశాను. కానీ స్టాంపు అద్దంలాంటిది, గీసింది తిరగేసి పడుతుంది. నత్తకైతే చిట్టిలాంటివాళ్ళకు తప్ప తెలియదు. కింద "నత్తత్త" అని అక్షరాలు కూడా అలాగే చెక్కి ఉంటే ఊరంతా నవ్వేవాళ్ళు. అదృష్టం, అక్షరాల దాకా రాలేదు.

రెండో తప్పు ఇంకా ముఖ్యమైనది. నత్త కొమ్ములు రెండూ మూడో ముద్రకే విరిగిపోయాయి. ఉలిని గీత కిందికి వాల్చి పట్టి తవ్వాను. పైన గీత ఉంది, దాని కింద రబ్బరు లేదు, గాల్లో గోడ కట్టినట్టు. నొక్కగానే ఒరిగింది, ఒరిగింది ఊడింది.

6వ రోజు

రెండో స్టాంపు. ఈసారి పద్ధతిగా.

పల్చటి ట్రేసింగ్ కాగితం మీద మెత్తటి పెన్సిలుతో నత్తనూ పేరునూ మామూలుగా, కంటికి కనిపించాల్సినట్టే గీశాను. కాగితాన్ని బోర్లించి రబ్బరు మీద పరిచి, కదలకుండా పట్టుకుని, గోటితో వెనక రుద్దాను. పెన్సిలు పొడి మొత్తం రబ్బరుకి అంటుకుంది, తనంతట తానే తిరగేసి. ముద్ర వేస్తే మళ్ళీ తిరగబడి మామూలుగా పడుతుంది. ఇంత సులువైనదానికి మూడు రోజుల కిందట రెండు గంటలు తగలేశాను.

చెక్కేటప్పుడు ఉలిని గీత నుంచి బయటికి వాల్చి పట్టాలి. అప్పుడు ప్రతి గీతా కింద వెడల్పుగా, పైన సన్నగా, చెరువు కట్ట కోసినట్టు నిలబడుతుంది. ఇంకోటి, గుల్ల చుట్టు తిప్పేటప్పుడు ఉలిని తిప్పకూడదు. ఉలి పట్టిన చెయ్యి కదలకుండా ఉంచి రెండో చేత్తో రబ్బరును తిప్పాలి. మొదట చేతులు మాట వినవు. పావుగంటలో అలవాటైపోతుంది. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి మొనకు వెనకే ఉండాలి. రబ్బరు మెత్తగా ఉంది కదా అని ఏమరితే ఉలి జారిపోతుంది, దాని ముందు వేలుంటే ఇంతే సంగతులు.

"త్త" వత్తు దగ్గర ఊపిరి బిగబట్టాను. రెండు మిల్లీమీటర్ల చోట అక్షరం, దాని కింద వత్తు, రెండూ అంటుకోకుండా. అంటుకున్నాయి. చూసేవాళ్ళు ఎలాగూ "నత్తత్త" అనే చదువుతారని వదిలేశాను. ఖాళీగా ఉండాల్సిన చోట ఉలి చాళ్ళ అంచులు కొన్ని మిగిలి, ముద్రలో సన్నటి చారలు పడుతున్నాయి. తీసేద్దామనుకున్నాను కానీ నత్త వెనక గడ్డిలా ఉన్నాయి. ఉండనీ.

ఇంకు సంగతి: రంగునీళ్ళ ఇంకు ప్యాడ్ తొందరగా ఆరుతుంది, తడి తగిలితే పారుతుంది. పిగ్మెంటు ఇంకు ఆరడానికి టైము పడుతుంది, ఆరాక నీళ్ళు పడ్డా చెదరదు. రెండింటితో ముద్రలేసి ఒక రాత్రి ఉంచి, పొద్దున ఒక్కో చుక్క నీళ్ళు వేశాను. మొదటి నత్త నీలం మరకైపోయింది. రెండోది చెక్కుచెదరలేదు. పిగ్మెంటే.

7వ రోజు

ముద్రలు ఆరుతుంటే చిట్టి అడిగింది, "ఉత్తరాల డబ్బా అంటున్నావు, ఇందులో ఉత్తరం ఏదీ?"

ఒకప్పుడు ఉండేది. ఈ ఆట పుట్టింది ఇంగ్లండులోని డార్ట్‌మూర్‌లో. 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు, మనుషులు తేలిగ్గా వెళ్ళలేని క్రాన్‌మియర్ పూల్ అనే చిత్తడినేల దగ్గర రాళ్ళ కుప్పలో ఒక సీసా పెట్టాడు. అంత దూరం నడిచి వచ్చినవాళ్ళు తమ పేరున్న కార్డు అందులో వేసి వెళ్ళేవాళ్ళు. 1888లో సీసా పోయి రేకు పెట్టె వచ్చింది. ఆ తర్వాత జనం తమ చిరునామా తామే రాసుకున్న పోస్టుకార్డులు అందులో వేయడం మొదలుపెట్టారు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ కార్డు తీసుకెళ్ళి తమ దారిలో పోస్టు చేసేవాళ్ళు. మన ఉత్తరం మనకే చేరుతుంది, కానీ మధ్యలో ఎవరో తెలియని మనిషి అంత దూరం కాళ్ళీడ్చుకుంటూ వచ్చి ఉండాలి. ఎప్పుడొస్తుందో తెలియదు.

"అంటే ఆ ఉత్తరానికి ఒక మనిషి కాళ్ళు కావాలన్నమాట," అంది చిట్టి. నేను ఇంత చక్కగా చెప్పలేకపోయేదాన్ని.

పోస్టుకార్డులు పోయి స్టాంపులు మిగిలాయి. 1998లో స్మిత్సోనియన్ పత్రికలో దీని మీద వ్యాసం వచ్చాక అమెరికాలో అంటుకుంది. రెండేళ్ళకు, 2000 మే నెలలో, జీపీఎస్‌లో చోటు సరిగ్గా తెలియకుండా కావాలని కలిపే తేడాను అమెరికా ప్రభుత్వం ఎత్తేసిన మర్నాడే, జీపీఎస్ చూసి పెట్టెలు వెతికే జియోకాషింగ్ మొదలైంది. అందులో ఉపగ్రహాలు చూపించిన చోటికి నడిచిపోవడమే. నాకెందుకో కంపాసూ కాగితమే నచ్చాయి. తప్పిపోతే ఆ తప్పు నాదే అవుతుంది, ఉపగ్రహం మీద నెట్టడానికి ఉండదు. (ఈ వాక్యం రాసినప్పుడు ఎనిమిది రోజుల తర్వాత ఏం జరగబోతోందో తెలియదు.)

9వ రోజు

అడుగులు కొలవడం. చదునైన చోట టేపు పట్టి 100 మీటర్లు గుర్తు పెట్టుకుని మూడుసార్లు నడిచాను. 135, 137, 136. సగటున అడుగుకు 73 సెంటీమీటర్ల పైచిలుకు. సంచి తగిలించుకుని ఎగుడు దారిలో నడిస్తే అదే దూరానికి 158 పడ్డాయి. కాబట్టి గుట్ట మీద నా లెక్క చదును లెక్క కాదు.

కంపాస్ వాడకం కూడా నేర్చుకున్నాను. చుట్టూ తిరిగే చక్రాన్ని 140 మీద పెట్టాలి. కంపాస్‌ను ఛాతీ ముందు బల్లపరుపుగా పట్టుకుని, ముల్లు కాకుండా మనమే మెల్లగా తిరగాలి. ఎర్ర ముల్లు ఎర్ర గూట్లో పడగానే ఆగాలి. పలక మీది బాణం ఎటు చూపితే అటు. అయితే కంపాస్‌ను చూస్తూ నడవకూడదు, ఆ వరుసలో దూరంగా ఒక చెట్టునో రాయినో గుర్తు పెట్టుకుని దాని మీదికి నడవాలి. ఒక డిగ్రీ తప్పితే కిలోమీటరు దూరంలో పదిహేడున్నర మీటర్లు పక్కకు పోతాం. మన దూరం అందులో పదోవంతు కూడా లేదు కాబట్టి భౌగోళిక ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ ఉండే తేడా జోలికి పోలేదు.

15వ రోజు: మొదటి ఎక్కుడు

దొరకలేదు.

ముందు బాగున్నవి రాస్తాను. తెల్లవారకముందే బయల్దేరాం. బండలు ఎండకు కాగితే కూర్చోను కూడా ఉండదు. డొంక దాటాక తుప్పల్లోంచి సన్నటి కాలిబాట, ఆ పైన బండలు. మలుపు తిరగగానే కనిపించింది: రెండు గుండ్లు పక్కపక్కన, వాటి మీద మూడోది, మధ్యలో సందులోంచి అవతలి ఆకాశం. తీరా దగ్గరికి వెళ్తే పైగుండు రెండు బస్సులంత ఉంది. కింది గుండ్లకు అది తగిలిన చోటు మాత్రం చాపంత కూడా లేదు. చిట్టి దాని కిందికి రానంది.

"ఎవరు ఎక్కించారత్తా దీన్ని?"

"ఎవరూ ఎక్కించలేదు. ఇది ఎక్కడున్నది అక్కడే ఉంది. చుట్టూ ఉన్నదే దిగిపోయింది."

ఇదేమీ కవిత్వం కాదు, ఉన్నమాటే. ఈ రాయి నేల లోతుల్లో చల్లారి గట్టిపడింది. పైన బరువు తగ్గేకొద్దీ అడ్డంగా, నిలువుగా బీటలు పడ్డాయి. ఆ బీటల్లోకి నీళ్ళు దిగి రాయిని మెత్తబరిచాయి, అందులోని ఒక ఖనిజం మెల్లగా బంకమన్నుగా మారిపోతుంది. గళ్ళు గళ్ళుగా బీటలు వారిన రాయిలో మూలకు మూడు వైపుల నుంచి దెబ్బ, అంచుకు రెండు వైపుల నుంచి, ముఖానికి ఒక్క వైపు నుంచే. అందుకే మూలలు ముందు పోతాయి, మిగిలింది గుండ్రమవుతుంది. పైన మన్ను వానలకు కొట్టుకుపోయాక నడిమి గుండ్లు ఒకదాని మీద ఒకటి అలా నిలబడిపోతాయి. డార్ట్‌మూర్‌లో టార్ అని పిలిచే రాళ్ళగుట్టల కథ కూడా దాదాపు ఇదే. అక్కడి రాయి వయసు సుమారు 28 కోట్ల ఏళ్ళు.

పరుపుబండ మీద దొన వెంటనే దొరికింది. పళ్ళెమంత లోతు, అడుగున పచ్చటి నీళ్ళు, నీళ్ళ మీద రెండు చీమలు. అంచున నిలబడి 140 పట్టాను. బాణం ఎదురుగా ఉన్న ముళ్ళపొద మీదికి చూపించింది. చుట్టు తిరిగి వెళ్ళి, 120 అడుగులు లెక్కపెట్టాను. అక్కడ ఏ బండా రెండు చెక్కలై లేదు. అసలు బండే లేదు, గడ్డి.

గంటన్నర వెతికాం. ప్రతి రాయి అడుగునా. ఇక్కడ ఒక పద్ధతి పెట్టుకున్నాం, ఏ సందులోనూ ముందు చెయ్యి పెట్టకూడదు. కర్రతో తట్టాలి, టార్చి వేసి చూడాలి, అప్పుడు చెయ్యి. ఒక చోట తేలు కనిపించింది కూడా. పెద్ద గుండు చూరుకు తేనెపట్టు ఉండటంతో అటువైపు అసలు మాట్లాడకుండా దాటాం. పది దాటేసరికి బండలు కాలడం మొదలైంది. దిగొచ్చేశాం.

దారిలో చిట్టి ఒక మాట అంది. అప్పుడు వినిపించుకోలేదు. "అత్తా, నువ్వు నీళ్ళు తాగుతున్నప్పుడు నేను కంపాస్ పట్టుకున్నా. నీ ఉత్తరం వేరు, నా ఉత్తరం వేరు."

16వ రోజు

పొద్దున లేవగానే ఆ మాటే గుర్తొచ్చింది.

కంపాస్ బల్ల మీద పెట్టాను. ముల్లు ఆగింది. నిన్న మెడలో ఫోను సంచి వేసుకున్నాను, ఫోను తీయడానికి తేలిగ్గా ఉంటుందని. దాని మూత అయస్కాంతంతో టక్కున మూసుకునే రకం. ఆ సంచిని మెల్లగా కంపాస్ వైపు జరిపాను. రెండు జానల దూరంలో ఏమీ లేదు. జానెడు దూరంలో ముల్లు వణికింది. నాలుగు వేళ్ళ దూరానికి వచ్చేసరికి 20 డిగ్రీలు పక్కకు తిరిగి, అక్కడే ఉత్తరమన్నట్టు తాపీగా కూర్చుంది.

అదీ అసలు మోసం. ముల్లు గిరగిరా తిరిగిపోతే అనుమానమొచ్చేది. అది నిదానంగా, నమ్మకంగా తప్పు చూపించింది. కంపాస్‌ను ఛాతీ ముందు పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. ఛాతీ మీదే అయస్కాంతం వేలాడుతోంది. ఉపగ్రహాల మీద అంతంత మాటలు రాసుకున్నది నేనే.

సరే, 20 డిగ్రీలు. నేను నడిచింది, గుట్ట లెక్కన, సుమారు 76 మీటర్లు. ఆ లెక్కన 26 మీటర్లు పక్కకు పోయి ఉంటాను. కాగితం మీద వేసి చూసుకున్నాను. అయినా మనసు ఒప్పుకోలేదు. గంటన్నరలో ఆ 26 మీటర్ల చుట్టుపక్కల కూడా వెతికాం కదా, రెండు చెక్కలైన పెద్ద బండ కనిపించకుండా ఎలా పోతుంది?

ఆనవాళ్ళ కాగితం మళ్ళీ చదివాను. 120 అడుగులు. 120 అడుగులు. మధ్యాహ్నం కిటికీకి తెర కొలుస్తూ, టేపు మీద "అడుగులు" వైపు తిప్పినప్పుడు చెయ్యి ఆగిపోయింది.

అడుగంటే కాలు వేసే అడుగే కాదు, పన్నెండు అంగుళాల అడుగు కూడా. 120 అడుగులంటే కొలత లెక్కలో 36 మీటర్ల 60 సెంటీమీటర్లే. నేను దానికి రెండింతలు దాటి వెళ్ళిపోయాను! వారం పాటు 100 మీటర్లకు ఎన్ని అడుగులో లెక్కలు కట్టిన మనిషికి అడుగుకు రెండర్థాలు ఉన్నాయని తట్టలేదు. చిట్టికి ఫోను చేసి చెప్పాను. అవతల చాలాసేపు నవ్వు తప్ప ఏమీ వినపడలేదు.

22వ రోజు: రెండో ఎక్కుడు

ఫోను సంచి ఇంట్లో. ఫోను వీపు సంచి అడుగున. కంపాస్ చిట్టి చేతిలో. 37 మీటర్ల తాడు కొలిచి ఉండచుట్టి తెచ్చాను, కొలతకూ కాలికీ మళ్ళీ గొడవ రాకుండా.

దొన ఎండిపోయింది. వారంలో ఆ కాసిని నీళ్ళూ పోయి, అడుగున పచ్చటి పొర అట్టకట్టింది. అంచున తాడు కొస నేను పట్టుకున్నాను. చిట్టి 140 పట్టి, దూరాన ఒక మొండి చెట్టును గుర్తు పెట్టుకుని, తాడు లాక్కుంటూ వెళ్ళింది. మొన్నటి ముళ్ళపొద అసలు దారిలోనే లేదు. తాడు బిగిసింది.

"అత్తా, ఇక్కడ బండలున్నాయి కానీ అన్నీ గుండ్రంగానే ఉన్నాయి."

"గుండ్రంగా లేనిది చూడు. పగిలిన ముఖం చదునుగా ఉంటుంది. కొత్త గాయం, ఇంకా మూలలు అరగలేదు."

అటువైపు తిరిగి చూసింది. ఎదురుగానే ఉంది, మేమొచ్చిన వైపు నుంచి మాత్రం ఒకే బండలా కనిపిస్తుంది. పక్కకు వెళ్తే, కత్తితో గుమ్మడికాయ కోసినట్టు రెండు చెక్కలు, మధ్యలో మనిషి పక్కవాటుగా దూరేంత సందు. ఎడమ చెక్క మీది నల్లటి చార సరిగ్గా కుడి చెక్క మీద కొనసాగుతోంది. కుడి చెక్క అడుగున అరచేతంత రాళ్ళు నాలుగు. చూడటానికి మామూలుగానే ఉన్నాయి, కానీ నాలుగూ ఒకే సైజు. కొండ అలా పేర్చదు.

కర్ర. టార్చి. తర్వాత చెయ్యి.

నాలుగు వైపులా బిగించే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, రంగు కనిపించకుండా మట్టిరంగు పూశారు. లోపల రెండు జిప్ కవర్లు, ఒకదానిలో ఒకటి. బయటి కవరు జిప్ మూలన మూసుకోలేదు. వేలితో తడిమితే తగిలింది, జిప్ గాడిలో ఒకే ఒక్క ఇసుకరేణువు. ఆవగింజలో సగం లేదు. దాని పుణ్యమా అని ఆ చీలికలోంచి తేమ దిగి, పుస్తకం మూల ఉబ్బి, చివరి రెండు పేజీలు అంటుకుపోయాయి. ఆఖరి ముద్ర నాలుగు నెలల నాటిది. అదీ రంగునీళ్ళ ఇంకే, సగం పారిపోయి ఆకో చేపో తెలియకుండా ఉంది. ఆ మనిషి ఏం చెక్కుకున్నారో ఇక ఎప్పటికీ తెలియదు.

వాళ్ళ స్టాంపు మాత్రం చూడాలి. మూడు గుండ్లూ చెక్కారు, మధ్య సందుతో సహా. ముద్ర వేస్తే ఆ సందు ఖాళీగా, తెల్లగా పడింది. కొండ దగ్గర ఆకాశం ఉన్న చోట మా పుస్తకంలో కాగితం. నేను మూడుసార్లు వేశాను. మూడోది సరిగ్గా వచ్చింది, మొదటి రెండూ ఇంకు ఎక్కువై సందు పూడిపోయింది. ప్యాడ్ మీద స్టాంపును అదిమిపెట్టకూడదు. వెల్లకిలా పెట్టిన స్టాంపు మీదే ప్యాడ్‌ను తేలిగ్గా తట్టాలి. ఇది ఇంటి దగ్గరే తెలుసుకుని ఉండాల్సింది.

మా నత్త వాళ్ళ పుస్తకంలో, పొడిగా ఉన్న పేజీ చూసుకుని. చిట్టి తేదీ వేసి కింద రాసింది: "రెండోసారికి దొరికింది. మొదటిసారి ఉత్తరం తప్పింది." పుస్తకాన్ని పావుగంట గాలికి ఆరబెట్టి, నా దగ్గరున్న తేమపీల్చే గుళికల పొట్లం ఒకటి వేసి, జిప్ గాడి గుడ్డతో తుడిచి, రెండు కవర్లూ నొక్కి నొక్కి మూశాను. పెట్టినవాళ్ళకు కబురు కూడా చేయాలి, పుస్తకం మార్చాల్సిన టైమొచ్చింది. నాలుగు రాళ్ళూ ఎలా ఉన్నవి అలాగే. తీయకముందే చిట్టి ఫోటో తీసింది కాబట్టి సరిపోయింది.

30వ రోజు

ఇక మా పెట్టె. చోటు చూడటంలోనే వారం పోయింది, పెట్టెకు సాయంత్రం పట్టలేదు.

వద్దనుకున్నవి: పాత గోడలు, శిథిలాలు, సమాధిరాళ్ళు, వాటి దగ్గరలో ఏదైనా. డార్ట్‌మూర్‌లో ఆడేవాళ్ళు కూడా ఇదే కట్టుబాటు పాటిస్తారు, పురాతనమైనదాని జోలికి పోరు, సిమెంటుతో అతికించరు. తవ్వకూడదు, రాయి పగలగొట్టకూడదు, గుట్ట ఎవరిదో వాళ్ళను అడగకుండా పెట్టకూడదు. తేనెపట్టున్న చూరు దగ్గర పెట్టకూడదన్నది మాత్రం మేం సొంతంగా చేర్చుకున్నాం. చివరికి గొడుగులా మొదలు సన్నగా అరిగిపోయిన ఒక రాయి దగ్గర సందు దొరికింది. నీళ్ళు పారే చాలు కాదు, బాటకు కనిపించదు. అనుమతి అడిగాం, ఇచ్చారు.

స్టాంపు చిట్టి చెక్కింది. గొడుగురాయి కింద నత్త. గుల్ల కుడికే తిరిగింది.

ఆనవాళ్ళు నేను రాశాను. "అడుగులు" అన్న మాటే లేదు, అన్నీ మీటర్లు. డిగ్రీలు రెండుసార్లు, ఫోను దూరంగా పెట్టి చూసుకున్నవి.

36వ రోజు

పరీక్ష. పెట్టె నేను ముందురోజే ఒక్కదాన్నే వెళ్ళి పెట్టొచ్చాను. చిట్టి చేతికి కాగితమిచ్చి, నేను ఇరవై మీటర్ల వెనక, నోరు మూసుకుని. ఏం జరిగినా చెప్పకూడదని ఒట్టు.

మొదటి వాక్యం, దాటింది. రెండోది, కంపాస్ పట్టి చెట్టు గుర్తు పెట్టుకుని తిన్నగా గొడుగురాయి కిందికి. లోపల్లోపల పొంగిపోయాను. మూడో వాక్యం చదివింది. రాయి వైపు చూసింది. వెనక్కి తిరిగి నా వైపు చూసింది. మళ్ళీ రాయి వైపు.

"అత్తా, 'ఎడమ పక్క సందు' అని రాశావు. రాయి ఎడమా, నా ఎడమా?"

ఒట్టు కాబట్టి మాట్లాడలేదు. జేబులోంచి పెన్ను తీశాను.